మేబెల్ కార్టర్: కొండపాట పునరాగమనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్జీనియా రాష్ట్రమునకు నైరుతి మూలను క్లించ్ పర్వతము కోటగోడవలె సాగియున్నది. దాని కొక ప్రక్కనున్న లోయకు పూర్ వ్యాలీ, అనగా పేదలోయ, అని పేరు. రెండవ ప్రక్కను కాపర్ క్రీక్ అను వాగు ప్రవహించుచున్నది. ఈ వాగు గట్టునను, ఆ లోయలోను రైతుకుటుంబములలో పెరిగిన ముగ్గురు మనుష్యులు 1927వ సంవత్సరమున ఒక గ్రామఫోను కంపెనీకి ఆరు పాటలు పాడి యిచ్చిరి. నేడు కంట్రీ సంగీతమని లోకమున పేరుపొందిన పల్లెపాటకు ఆ ఆరు పాటలు పునాదిరాళ్లలోనివి. ఆ ముగ్గురిలో చిన్నది మేబెల్ కార్టర్. అప్పటికి ఆమె వయస్సు పదునెనిమిదేండ్లు. ఆ పాటలవలన ఆమెకు జీవితములో రెండు మారులు కీర్తి లభించెను. ఆ రెండు కీర్తుల నడుమ, రాత్రులు మేల్కొని రోగులకు పరిచర్య చేసి కూలి తెచ్చుకొనవలసిన కాలమును ఆమె చూచెను. ఆమె కథ తెలిసికొనదగినది అగుటకు కారణము ఆ నడిమి కాలమే.

మేబెల్ ఆడింగ్టన్ 1909 మే 10వ తేదీన నికెల్స్‌విల్ గ్రామ ప్రాంతమున జన్మించెను. ఆ కొండజనులకు సంగీతము టిక్కెట్టు కొని వినెడి వస్తువు కాదు. అది ఇంటిపనులలో నొకటి. తల్లి బాంజో వాయించెడిది. ప్రార్థనామందిరములో కీర్తనలు, ఇంట పాత వీరగాథలు, పెండ్లిండ్లలో ఫిడేలు నృత్యములు, ఇవియే బాలిక విన్న సంగీతము. చిన్ననాడే ఆమె ఆటోహార్ప్ అను వాద్యమును మీటుట నేర్చెను. అది పెట్టెవంటి తంత్రీవాద్యము. అడ్డముగా అమర్చిన మీటను నొక్కినచో అక్కరలేని తంతులు మూగవోయి, కావలసిన స్వరముల కూర్పు మాత్రము పలుకును. పదుమూడవయేట గిటారు చేత బట్టెను. నేర్పుటకు గురువు లేడు. చెవియే గురువు, వ్రేళ్లే పాఠము.

పేదలోయకు చెందిన ఏ. పి. కార్టర్ పండ్లమొక్కలు అమ్ముకొనుచు ఊరూర తిరిగెడివాడు. 1915లో అతడు కాపర్ క్రీక్ వైపున పెరిగిన సారా అను యువతిని వివాహమాడెను. సారా మేబెల్‌కు అక్క వరుస. 1926లో మేబెల్ ఏ. పి. తమ్ముడైన ఎజ్రాను పెండ్లాడి పర్వతము దాటి పేదలోయకు కాపురము వచ్చెను. ఈ విధముగా అక్కచెల్లెండ్ర వరుసవారు తోడికోడండ్రైరి. సారా ప్రధాన గాత్రము. ఆమె కంఠము గంభీరమైనది, నిశ్చలమైనది. మేబెల్ గిటారు వాయించుచు వంత పాడెడిది. ఏ. పి. తనకు తోచినపుడు మంద్రస్థాయిలో కలిసెడివాడు, తోచనిచో ఊరకుండెడివాడు.

1927 వేసవిలో విక్టర్ కంపెనీ పక్షమున రాల్ఫ్ పీర్ అను వ్యాపారి బ్రిస్టల్ పట్టణమునకు ధ్వనిముద్రణ యంత్రముతో వచ్చెను. బ్రిస్టల్ వింతయైన ఊరు. దాని ప్రధాన వీథి నడుమగా రెండు రాష్ట్రముల సరిహద్దు పోవుచున్నది. ఒక ప్రక్క వర్జీనియా, రెండవ ప్రక్క టెన్నెసీ. కొండజనుల పాటలు అమ్ముడుపోవునని కంపెనీలు అప్పుడప్పుడే గ్రహించుచుండెను. ఏ. పి. తమ్ముని కారు ఎరువు తీసికొని, భార్యను, పాలుద్రావు పసిబిడ్డను, నెలలు నిండుచున్న మేబెల్‌ను ఎక్కించుకొని గతుకుల బాటలో ప్రయాణమయ్యెను. ఆగస్టు 1వ తేదీన వారు నాలుగు పాటలు పాడిరి. మరునాడు ఏ. పి. రాలేదు, తోడికోడండ్రిద్దరే కలిసి రెండు పాటలు పాడిరి. పాటకు 50 డాలర్లు ముట్టెను. పేదలోయలో అది సామాన్యమైన ధనము కాదు. మరి రెండు దినములకు ఆ గదిలోనే జిమ్మీ రోజర్స్ అను మరియొక గాయకుడు తన మొదటి పాటలు పాడెను. రెండు వారములలోపున అచ్చట పందొమ్మిది బృందములు పాడిన 76 పాటలు ముద్రింపబడెను. పల్లెసంగీత చరిత్రకారులు నేటికిని బ్రిస్టల్ పేరును గౌరవముతో పలుకుటకు హేతు విదియే.

మేబెల్ వాదనములో నూతన మేమియో చెప్పవలసియున్నది. ఆనాడు పల్లెబృందములలో గిటారు పని లయ చూపుట మాత్రమే. రాగము నడపుట ఫిడేలునకును బాంజోకును వదలెడివారు. కార్టర్ కుటుంబములో ఫిడేలు లేదు. ఉన్న రెండు వాద్యములతోనే అన్ని పనులును సాగవలెను. మేబెల్ బొటనవ్రేలితో లావు తంతులపై రాగమును పలికించుచు, అదే సమయమున చూపుడువ్రేలిని సన్న తంతులపై పైకి క్రిందికి త్రిప్పి లయను నిలిపెను. వినువారికి ఇద్దరు వాయించుచున్నట్లు తోచెడిది. ఈ పద్ధతికి తరువాత కార్టర్ స్క్రాచ్ అను పేరు వచ్చెను. 1928లో ఆమె గిబ్సన్ కంపెనీవారి ఎల్-5 గిటారును 275 డాలర్లకు కొనెను. ఆ యేడే మే నెలలో కామ్డెన్ నగరమున ముద్రించిన వైల్డ్‌వుడ్ ఫ్లవర్ అను పాటలో ఆమె వాయించిన వరుసను అమెరికాలో గిటారు నేర్చుకొను బాలురు తరతరములుగా మొదటి పాఠముగా అభ్యసించిరి. లేమి నేర్పిన ఉపాయము ఒక శైలి అయ్యెను.

ఈ పాటలు ఎక్కడివి? ఈ ప్రశ్నకు సమాధానము సులభము కాదు. వైల్డ్‌వుడ్ ఫ్లవర్‌నే చూడుడు. కొండజనులు తాతముత్తాతల నాటిదని తలచిన ఆ పాట నిజమునకు 1860లో అచ్చుపడిన పట్టణపు పాట. నోట నోట పాడగా మాటలు చెరిగి, అర్థము కొంత మారి, పల్లెదైపోయెను. ఏ. పి. ఇట్టి పాటల కొరకు గడపగడపకు తిరిగెడివాడు. విన్న మాటలు కాగితముపై వ్రాసికొనెడివాడు గాని, రాగము గుర్తుంచుకొనుట అతనికి కష్టముగా నుండెడిది. ఆ పనికి తోడు వచ్చినవాడు లెస్లీ రిడిల్ అను నల్లజాతి గాయకుడు. సిమెంటు కర్మాగారములో జరిగిన ప్రమాదమున అతడొక కాలు కోల్పోయెను. తెల్లవారు, నల్లవారు ఒక బల్లవద్ద భుజింపరాని ఆ దినములలో ఈ యిద్దరు కలిసి ఊళ్లు తిరిగిరి. ఏ. పి. మాటలు వ్రాసికొనుచుండ రిడిల్ రాగమును చెవిలో పట్టి తెచ్చెడివాడు. కార్టరుల యింట దినములకొలది బస చేసెడివాడు. అతని గిటారు చూచి మేబెల్ కొన్ని పద్ధతులు నేర్చుకొనెను.

రికార్డులపై రచయితగా ఏ. పి. కార్టర్ పేరు అచ్చుపడెను. రిడిల్ పేరు ఎచ్చటను లేదు. పాత పాటను కొంత మార్చి నమోదు చేసినచో దానిపై హక్కు పుట్టునని పీర్‌కు తెలియును. అతని వ్యాపారమంతయు ఆ హక్కులపైననే నడచెను. లోయలోని ముసలమ్మ పాడి వినిపించిన పాట ఈ విధముగా ఒకరి ఆస్తి అయ్యెను. ఏ. పి.ని దొంగ యనుట న్యాయము కాదు. అతడు సేకరింపనిచో వాటిలో ననేకము మరుగున పడియుండెడివి. అయినను పదిమంది కూర్చిన సంపదకు ఒక్కని పేరు పెట్టుటలో ఉన్న అన్యాయమును చూడకుండుటయు తగదు. ఈ అప్పు సంగతి మేబెల్ కథలో మరల వచ్చును.

కీర్తి వచ్చినను కుటుంబము నిలువలేదు. ఆర్థికమాంద్యము వచ్చి రికార్డుల అమ్మకము పడిపోయెను. ఏ. పి. కొంతకాలము డెట్రాయిట్ నగరమునకు కూలికి పోయెను. సారాకు ఈ సంచార జీవితము రుచింపలేదు. దంపతులు విడిపోయి 1936లో విడాకులు పొందిరి. అయినను పాటకొరకు కలిసి పాడుచునే యుండిరి. 1938 నుండి వారు టెక్సస్ సరిహద్దునకు ఆవల మెక్సికో గడ్డపైనున్న ఒక మహాశక్తిగల రేడియో కేంద్రమున పాడిరి. అమెరికా చట్టము ఒప్పని శక్తితో నడచుటకే ఆ కేంద్రము సరిహద్దు దాటెను. రాత్రివేళ దాని ప్రసారము ఖండములో చాల భాగమున వినవచ్చెడిది. ఆర్కాన్సాస్‌లో ప్రత్తి పొలములలో పనిచేయు కుటుంబమున పుట్టిన జానీ క్యాష్ అను బాలుడు ఇంట రేడియోలో ఈ కార్టరుల పాటలు వినుచు పెరిగెను. 1939లో సారా మరల వివాహమాడి కాలిఫోర్నియాకు తరలెను. 1943 నాటికి మొదటి బృందము ముగిసెను. ఏ. పి. లోయకు తిరిగిపోయి చిన్న దుకాణము పెట్టుకొనెను.

మేబెల్ మాత్రము ఆగలేదు. ఆమెకు హెలెన్, జూన్, అనీటా అను ముగ్గురు కుమార్తెలు. వారిని వెంటబెట్టుకొని రిచ్‌మండ్, నాక్స్‌విల్, స్ప్రింగ్‌ఫీల్డ్ నగరముల రేడియోలలో పాడి, 1950లో నాష్‌విల్ నగరమున గ్రాండ్ ఓల్ ఆప్రీ అను ప్రఖ్యాత కార్యక్రమమున చేరెను. ఎట్టి వినోద మంటపమునకైనను పాటను తెచ్చి యిచ్చుట, కారు తోలుట, బిడ్డల గౌనులు ఇస్త్రీ చేయుట, అన్నియు ఆమె పనులే. తోటివారందరు ఆమెను మదర్ మేబెల్ అని పిలువసాగిరి. అప్పటి కామెకు నలుబదియేండ్లే. తల్లితో పాటు వేదికనెక్కిన కుమార్తెలు కాలమునకు తగిన క్రొత్త పాటలు, హాస్య సంభాషణలు కూడ ప్రదర్శించెడివారు. పాత కొండపాట కార్యక్రమములో ఒక మూలకు జరిగెను.

తరువాత కాలము మరింత మారెను. 1955, 1956లలో ఎల్విస్ ప్రెస్లీ అను యువకుడు దేశమును ఊపివేసెను. కార్టర్ స్త్రీలు అతని యాత్రలలోనే పాడిన దినములు కలవు. నాష్‌విల్ కంపెనీలు పట్టణ శ్రోతల కొరకు పల్లెపాటకు వయోలిన్ల మేళమును, బృందగానమును తొడిగి నునుపుచేసిరి. బాంజో, ఆటోహార్ప్ మొరటువని తలచిరి. కుమార్తెలు తమ తమ సంసారములలోను, ఉద్యోగములలోను పడిరి. మేబెల్‌కు పిలుపులు తగ్గెను. అప్పుడామె ఇంట కూర్చుండి తన పూర్వవైభవమును తలచుకొని దుఃఖింపలేదు. నాష్‌విల్‌లో రాత్రివేళ రోగులవద్ద నుండి పరిచర్య చేయు పనికి కుదిరెను. దేశమంతట గిటారు పట్టిన ప్రతివాని వ్రేళ్లలో తన పద్ధతి కదలుచుండగా, ఆమె రోగుల ప్రక్కలు సవరించుచు తెల్లవారు వరకు మేల్కొనెడిది. శనివారము వచ్చినచో ఆటోహార్ప్ పుచ్చుకొని ఆప్రీ వేదికకు పోయెడిది. 1960లో ఏ. పి. కార్టర్ మరణించెను. తాను సేకరించిన పాటలకు రానున్న ఆదరణను అతడు చూడలేదు.

ఆ ఆదరణ మరియొక దిక్కునుండి వచ్చెను. 1952లో హ్యారీ స్మిత్ అను వ్యక్తి మూలబడిన పాత రికార్డులను ఏరి కూర్చి ఆరు పెద్ద రికార్డుల సంకలనముగా వెలువరించెను. అందులో కార్టర్ కుటుంబపు పాటలును గలవు. న్యూయార్క్, బోస్టన్ మున్నగు నగరములలోని కళాశాల విద్యార్థులు ఆ సంకలనమును పాఠ్యగ్రంథమువలె విని, అరగదీసిరి. కొండసీమలను చూచియెరుగని యువకులు కొండపాటను వరుస తప్పక నేర్చిరి. ఆ పాటలు పాడినవారందరు చనిపోయియుందురని వారిలో పలువురు తలచిరి. కాని మేబెల్ నాష్‌విల్‌లో సజీవముగా నుండెను. 1961లో బాంజో విద్వాంసుడు ఎర్ల్ స్క్రగ్స్, అతని జతగాడు లెస్టర్ ఫ్లాట్ ఆమెను పిలిచి కార్టర్ కుటుంబపు పాటలతో ఒక రికార్డు వెలువరించిరి. 1963లో న్యూ లాస్ట్ సిటీ రాంబ్లర్స్ అను యువబృందము ఆమెను లాస్ ఏంజెలెస్‌కు ఆహ్వానించెను. ఆ యేడే న్యూపోర్టు నగరపు జానపద సంగీతోత్సవమున వేలకొలది యువకుల యెదుట ఆమె పాడెను.

ఇచ్చట ఒక విషయము ఆలోచింపదగియున్నది. దీనిని మేబెల్ పాతపాటకు మరలివచ్చుట యని మనము వ్యవహరించుచున్నాము. నిజమునకు ఆమె ఆ పాటను ఎన్నడును విడువలేదు. విడిచినది లోకము, మరలివచ్చినదియు లోకమే. అయితే ఆ వచ్చినవారు తమతో ఒక భ్రమను కూడ తెచ్చిరి. కొండపాట కల్తీలేని ఊటనీరనియు, పట్టణపు గాలి తగలనిదనియు వారు కొందరు విశ్వసించిరి. మేబెల్‌కు అట్టి పట్టింపు లేదు. అచ్చుపుస్తకములోని పాట, ప్రార్థనామందిరపు కీర్తన, నల్లజాతి గాయకుని గిటారు పద్ధతి, రేడియోలో విన్న వరుస, ఇవన్నియు ఆమె చేతిలో కలిసియే పాత కొండపాట అయ్యెను. ఆటోహార్ప్‌ను సయితము ఆమె పూర్వాచారము ప్రకారము ఒడిలోనో బల్లపైననో ఉంచక, గుండెకు ఆనించి నిలువుగా పట్టి రాగము పలికించెను. ఆ పట్టును చూచి నేర్చుకొన్నవారికి అదియే సంప్రదాయమైపోయెను. పాతది నిలుచుట మారకుండుటవలన గాదని ఆమె వాదింపలేదు. ఆమె చేతులు చూచినవారికి వాదము అవసరము లేదు.

ముందు చెప్పిన అప్పు సంగతి ఈ సమయముననే తీరుటకు మొదలయ్యెను. రాంబ్లర్స్ బృందములోని మైక్ సీగర్‌కు మేబెల్ తమకు పాటలు, గిటారు పద్ధతులు తెచ్చి యిచ్చిన లెస్లీ రిడిల్ సంగతి చెప్పెను. సీగర్ వెదకి వెదకి 1965లో న్యూయార్క్ రాష్ట్రమునందలి రాచెస్టర్ నగరమున అతనిని కనుగొనెను. రిడిల్ సంగీతమును చాలకాలము క్రిందటనే విడిచియుండెను. సీగర్ అతని పాటలు ముద్రించుట ప్రారంభించెను. ముప్పదియేండ్లకు పైగా మరుగుననున్న ఒక పేరు చరిత్రలోనికి వచ్చెను. ధనరూపమున న్యాయము జరుగలేదు. పేరు మాత్రము నిలిచినది. ఆ పేరు మొదట ఉచ్చరించినది మేబెల్.

1966లో సారా కాలిఫోర్నియా నుండి వచ్చి మేబెల్‌తో కలిసి ఒక రికార్డు పాడెను. మరుసటియేడు తోడికోడండ్రిద్దరు న్యూపోర్టు వేదికపై కూడ పాడిరి. 1968లో జూన్‌ను జానీ క్యాష్ వివాహమాడెను. చిన్ననాడు రేడియోలో విన్న కుటుంబమునకే అతడు అల్లుడయ్యెను. 1969 నుండి 1971 వరకు సాగిన అతని టెలివిజన్ కార్యక్రమమున మేబెల్, కుమార్తెలు తరచు కనిపించిరి. 1970లో కార్టర్ కుటుంబమునకు కంట్రీ సంగీత సన్మానశాలలో స్థానము లభించెను.

1971 ఆగస్టులో మరియొక సంఘటన జరిగెను. కాలిఫోర్నియాకు చెందిన నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ అను పొడుగుజుట్టు యువకుల బృందము నాష్‌విల్‌కు వచ్చి, పాతతరపు విద్వాంసులతో కలిసి పాడవలెనని కోరెను. అవి వియత్నాం యుద్ధపు దినములు. దక్షిణదేశపు పెద్దలకును పొడుగుజుట్టు యువకులకును పొసగని కాలము. పెద్దలలో కొందరు సందేహించిరి, ఒకరిద్దరు రాలేదు. మేబెల్ వచ్చెను. అప్పటి కామెకు అరువది రెండేండ్లు. రాయ్ అకఫ్, డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్, ఎర్ల్ స్క్రగ్స్ మున్నగువారును వచ్చిరి. 1972లో మూడు రికార్డుల సంపుటముగా వెలువడిన ఆ గ్రంథమునకు కార్టర్ కుటుంబము 1935లో పాడిన పాట పేరే కొద్ది మార్పుతో పెట్టిరి. లక్షలాది యువకుల యిండ్లకు అది చేరెను. తండ్రుల సంగీతమును తిరస్కరించిన తరము తాతల సంగీతమును అక్కున జేర్చుకొనెను.

1975లో ఎజ్రా మరణించెను. మేబెల్ ఆరోగ్యమును అటుపిమ్మట క్షీణించెను. 1978 అక్టోబరు 23వ తేదీన, అరువది తొమ్మిదవయేట, ఆమె కన్నుమూసెను. టెన్నెసీలోని హెండర్సన్‌విల్‌లో భర్త ప్రక్కనే ఆమెను ఖననము చేసిరి. పదునొకండు వారములకు, 1979 జనవరి 8వ తేదీన, సారాయు గతించెను. 1993లో అమెరికా ప్రభుత్వము కార్టర్ కుటుంబము పేర తపాలాబిళ్ల వెలువరించెను. మేబెల్ గిబ్సన్ గిటారు నాష్‌విల్‌లోని సన్మానశాలకు చేరినది.

పేదలోయలో ఏ. పి. పెట్టిన దుకాణము వద్ద 1974లో అతని కుమార్తె జానెట్ వారము వారము పాటకచేరీ ప్రారంభించెను. తరువాత దాని ప్రక్కనే ఒక పెద్ద శాల వెలసెను. విద్యుచ్ఛక్తితో ధ్వని పెంచెడి వాద్యములు అచ్చట వాయింపరాదని నియమము. అల్లుడైన జానీ క్యాష్‌కు మాత్రము మినహాయింపు నిచ్చిరట. అచ్చటికి గిటారు పట్టుకొని వచ్చు బాలబాలికలు బొటనవ్రేలితో లావు తంతులపై రాగము వెదకుకొనుచు, చూపుడువ్రేలితో లయ తప్పకుండ చూచుకొనుచుందురు. వారిలో ననేకులకు ఆ పద్ధతి ఎవరిదో తెలియదు. కాపర్ క్రీక్ గట్టున గురువు లేక నేర్చుకొన్న ఒక బాలికదని, ఆ బాలిక పెద్దదై కొంత లెస్లీ రిడిల్ వద్ద గ్రహించినదని పెద్దలు చెప్పినచో, వారు రెండు పేర్లును తెలిసికొందురు.